దుప్పటి వెనక రెండో మిషను

పళ్ళాయనకి ఏడుపెక్కువ. కన్నీళ్ళు పెట్టుకునే ఏడుపు కాదు, ఎదుటివాళ్ళకి మంచి జరిగితే కడుపులో మొదలయ్యే ఏడుపు. పక్కింటివాళ్ళ కుండీలో మొక్క పూసిందంటే తన కుండీ వంక నిష్ఠూరంగా చూస్తాడు. బస్సులో ఎవరికైనా కిటికీ పక్క సీటు దొరికితే వాళ్ళు దిగేదాకా వాళ్ళ తల వెనకభాగాన్నే చూస్తూ నిలబడతాడు. అలాగని ఎవరికీ అపకారం చేసి ఎరగడు. ఒకరి మీద చాడీ చెప్పడు, ఒకరిది చెడగొట్టడు. తన కుళ్ళేదో తనే వండుకుని తనే తింటాడు. అందుకని బయటివాళ్ళందరూ అతణ్ణి చాలా నెమ్మదైన మనిషి అనుకుంటారు. ఇంట్లో భార్యకి మాత్రం అసలు సంగతి తెలుసు.

అతను చేసేది కట్టుడు పళ్ళు, అందుకే పళ్ళాయన. పళ్ళ ఆసుపత్రిలో ముందు గది డాక్టరమ్మది, వెనక గది ఇతనిది. మైనంతో చిగుళ్ళు తీర్చి, పన్ను పక్కన పన్ను పేర్చి, ప్లాస్టర్లో అచ్చు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి ఇస్తే డాక్టరమ్మ ఆ సెట్టుని పేషెంటు నోట్లో అమర్చి అద్దం చూపిస్తుంది. పేషెంటు అటు తిరిగీ ఇటు తిరిగీ నవ్వుకుంటాడు. “మీ చేతి చలవమ్మా” అని ఆవిడకి చెప్పి వెళ్ళిపోతాడు. పళ్ళాయన తలుపు సందులోంచి ఆ నవ్వు చూస్తాడు. నవ్వు తన పనితనం, మెప్పు ఆవిడ ఖాతాలోకి. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది అతనికి మింగుడుపడలేదు.

ఇవన్నీ చిన్నాచితకా ఏడుపులు. అసలు ఏడుపు తోడల్లుడి మీద.

తోడల్లుడంటే భార్య చెల్లెలి భర్త. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అక్కడ కూడా అద్దముంది, కానీ ఆ అద్దం పక్కన నిలబడేది అతనే. “అబ్బ, ఎంత నప్పిందండీ!” అంటే ఆ మాట నేరుగా అతనికే చేరుతుంది. ఆ తేడా మొహంలోనే తెలిసిపోతుంది. ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉంటాడు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. మంచివాడు. అదే అసలు కష్టం. కాస్త చెడ్డవాడైనా అయ్యుంటే పళ్ళాయన హాయిగా ద్వేషించి పడుకునేవాడు.

ఇంతకీ ఆ తోడల్లుడి దగ్గర ఏముంది తన దగ్గర లేనిది? ఇల్లా? ఇద్దరివీ అద్దె ఇళ్ళే. జీతమా? అటూ ఇటూగా ఒకటే. ఉన్నదల్లా ఒక్క మాట. మామగారు అతణ్ణి “ఏమోయ్” అని పిలుస్తారు.

పళ్ళాయన పెద్దల్లుడు. మొదటి అల్లుడని మామగారు మొదట్లో చాలా మర్యాదగా ఉన్నారు. “రండి అల్లుడుగారూ, కూర్చోండి అల్లుడుగారూ” అన్నారు. ఆ మర్యాద అలాగే గడ్డకట్టింది. చిన్నల్లుడు వచ్చేసరికి ఆయనకి అల్లుళ్ళు అలవాటైపోయారు కాబోలు, రెండో రోజునుంచే “ఏమోయ్, ఇలా రా, ఈ కుర్చీ పట్టుకో” అనడం మొదలెట్టారు. ఆ కుర్చీ తనకెందుకు పట్టుకోమని ఇవ్వలేదని పళ్ళాయన ఆ రోజంతా బాధపడ్డాడు. “మర్యాద ఇస్తే ఏడుస్తారేంటండీ మీరు?” అంది భార్య. “మర్యాద డాక్టరమ్మ కూడా ఇస్తుంది” అన్నాడతను.

మామగారు ఒకప్పుడు పెద్ద హోటల్లో సాయంత్రాలు వాయించే బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. ఇప్పుడు ఊపిరి చాలక మానేశారు గానీ, రికార్డుల పెట్టె ఒకటి ప్రాణంగా దాచుకున్నారు. అందులో ఆ బ్యాండు వాళ్ళు అంతా కలిసి చేసిన ఒకే ఒక్క రికార్డు కూడా ఉంది. అందులో డ్రమ్ము వాయించినాయన మామగారి ప్రాణస్నేహితుడు. మనిషి మరీ బక్కగా ఉండేవాడని అందరూ చీపురుపుల్ల అనేవారట. కర్రలతో కొట్టకుండా, తీగల బ్రష్షులతో డ్రమ్ము మీద మెల్లగా రాసేవాడట. ఆయన పోయి చాలా కాలమైంది.

ఈమధ్య కొన్నేళ్ళుగా మామగారికి ఆ బ్రష్షుల చప్పుడు వినబడటం మానేసింది. రికార్డు పెట్టుకుంటే తన క్లారినెట్ వినిపిస్తోంది, పియానో వినిపిస్తోంది, చీపురుపుల్ల మాత్రం లేడు. ఎవరైనా పక్కనుంచి మాట్లాడితే “ఆఁ?” అని తల తిప్పడం ఎలాగూ మొదలైంది. చెవులు పోతున్నాయని ఆయన లోలోపల హడలిపోయారు. బతుకంతా చెవులతో బతికిన మనిషి. పైకి ఎవరితోనూ అనలేదు, ఒక్క పెద్ద కూతురితో తప్ప. ఆమె వచ్చి మొగుడితో చెప్పింది. అందుకని ఆ విషయం పళ్ళాయనకి బాగా తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అలాంటి రోజుల్లో తోడల్లుడు ఒక పాత మిషను కొన్నాడు. మూతపడ్డ రేడియో స్టేషను సామాను అమ్ముతుంటే తెచ్చాడట. మిషనంటే అలాంటిలాంటిది కాదు. దళసరి చెక్క పెట్టె, ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. రికార్డు పెట్టే పళ్ళెం నిండు ఇనుము, నేరుగా మోటారు మీదే కూర్చుంటుంది, మధ్యలో బెల్టు గొడవ లేదు. మీట తిప్పితే ఒక్క క్షణంలో స్పీడందుకుంటుంది, ఆపితే చేత్తో పట్టుకున్నట్టు ఆగుతుంది. మొదటి ఆదివారం అందరినీ పిలిచి దాని మీద మామగారి బ్యాండు రికార్డే పెట్టాడు.

సగం పాటయ్యేసరికి మామగారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. “చీపురుపుల్ల! ఒరేయ్, చీపురుపుల్ల ఉన్నాడ్రా!” అన్నారు. కళ్ళవెంట నీళ్ళు. “నా చెవులు పోయాయనుకున్నానోయ్! చెవులు కాదు, ఇంట్లో ఉన్న డొక్కు ప్లేయరు పోయింది!” అని తోడల్లుడి వీపు మీద ఛళ్ళున చరిచారు.

పళ్ళాయన చేతిలో టీ కప్పు పట్టుకుని అంతా చూశాడు. ఆ దెబ్బ తన వీపు మీద పడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. టీ చల్లారిపోయింది.

అప్పట్నుంచి మామగారి ఆదివారాలు చిన్నల్లుడింట్లోనే. వింటారు, చీపురుపుల్ల ఉన్నాడని రూఢి చేసుకుంటారు, నిశ్చింతగా ఇంటికెళతారు. ఇది చాలదన్నట్టు ఒక రోజు ఆయన ఇంకో మాట చెప్పారు. పెద్దిల్లు ఖాళీ చేసి ఒంటిగదికి మారుతున్నారట, రికార్డుల పెట్టె అక్కడ పట్టదట. “ఏ ఇంట్లో బాగా పలికితే ఆ ఇంట్లో పెడతాను. వారం వారం అక్కడికొచ్చి వింటాను” అన్నారు. ఇంకెవరింట్లో పలుకుతుంది? పళ్ళాయన ఇంట్లో రికార్డు ప్లేయరే లేదు.

మర్నాడు పళ్ళాయన పాత సామాన్ల సందులోకి వెళ్ళి ఒక మిషనూ, దానికి తగిలించుకునే పాత స్పీకర్లూ కొనుక్కొచ్చాడు. నిజం చెప్పాలంటే అది మిషను కాదు, మిషను ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ డబ్బా. పళ్ళెం చూస్తే పలచటి రేకు. మోటారు నుంచి పళ్ళేనికి వేసిన రబ్బరు బెల్టు సాగిపోయి వేలాడుతోంది. ఒంటి మీద వేలితో కొడితే డొల్లగా మోగింది. భార్య దాన్ని చూసి, మొగుణ్ణి చూసి, మళ్ళీ దాన్ని చూసింది.

“ఇది పాడుతుందా?”

“ఇప్పుడు పాడదు. పాడిస్తాను.”

“అదేదో మరిదిగారి దగ్గరున్నటువంటిదే ఇంకోటి వెతుక్కుంటే పోయేదిగా. దీని మీద పెట్టే ఖర్చుతో అదే వచ్చేస్తుందేమో!”

“అలాంటిది నాకెందుకు? దాన్ని మించింది కావాలి” అన్నాడు పళ్ళాయన. ఆ మాటలో లెక్క ఎక్కడా లేదని ఆమెకి తెలుసు. లోపలికెళ్ళింది.

ముందు తోడల్లుడి మిషనుని చూసి రావాలి కదా. ఒకరోజు పని ముగించుకుని వెళ్ళాడు. ఊరికే ఇటొచ్చానన్నట్టు మొహం పెట్టి, మాటల మధ్యలో పళ్ళెం అంచు తడిమాడు, కాళ్ళ కింద రబ్బరు దిమ్మల్ని నొక్కి చూశాడు. తోడల్లుడు కనిపెట్టేశాడు. కనిపెట్టి ఊరుకోలేదు. “మీరూ ఒకటి తయారుచేస్తున్నారటగా అన్నయ్యా, వదిన చెప్పింది!” అంటూ సంబరపడిపోయి మిషను మూత ఊడదీసి లోపలంతా చూపించాడు. ఈ బరువంతా ఎందుకంటే ఊగిసలాట పళ్ళెం దాకా రాకుండా ఉండటానికని చెప్పాడు. డొల్లగా ఉన్నది ఏదైనా తన గొంతు కూడా కలిపేస్తుందని చెప్పాడు. అక్కడితో ఆగలేదు, డ్రాయరు తీసి చిన్న డబ్బీ ఒకటి చేతిలో పెట్టాడు. అందులో సూది, దాన్ని పట్టుకునే హెడ్డూ ఉన్నాయి. “నాకు రెండున్నాయన్నయ్యా. ఇది మీరు పెట్టుకోండి. సగం పాట సూదిలోనే ఉంటుంది.”

పళ్ళాయన కాదనలేక జేబులో వేసుకున్నాడు. దారి పొడుగునా ఆ డబ్బీ జేబులో గుచ్చుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి దాన్ని బల్ల సొరుగులో అట్టడుక్కి తోసేశాడు. వాడిచ్చిన సూదితో గెలిస్తే గెలుపు ఎవరిదవుతుంది?

ఇక పని మొదలైంది. కొత్త బెల్టు వేశాడు. పలచటి రేకు పళ్ళెం మీద దళసరి రబ్బరు పరిచాడు. డొల్ల పోవాలంటే ఏం చెయ్యాలని ఆలోచించి, తనకి తెలిసిన విద్యే చేశాడు. ల్యాబులో అచ్చులు పోసే గట్టి రకం ప్లాస్టరు తెచ్చి, మిషనుని బోర్లించి, వైర్లకి మైనం పూసి దాచి, పొట్ట నిండా పోశాడు. బుడగలు రాకుండా బల్లకేసి దడదడ తట్టాడు. చూస్తూ ఉండగానే ప్లాస్టరు గట్టిపడింది. మిషను ఇప్పుడు బండరాయంత బరువుంది. వేలితో కొడితే కిక్కురుమనలేదు. పళ్ళాయన మురిసిపోయాడు.

ఆన్ చేస్తే పళ్ళెం తిరగలేదు. కాస్త తోస్తే తిరిగింది గానీ, పాడుతున్న ఆవిడ గొంతు మగ గొంతై, ఆ మగవాడికి కూడా ఒంట్లో బాగోలేనట్టు వినిపించింది. భార్య వంటింట్లోంచి “ఎవరాయన?” అని అడిగింది.

జరిగిందేమిటంటే, ప్లాస్టరు గట్టిపడేటప్పుడు కాస్త ఉబ్బి, తగిలినదాన్నల్లా అంటుకుపోతుంది. అందుకే ఏ అచ్చుకైనా ముందు సబ్బునీళ్ళు రాసి గాని పొయ్యరు. ఈ పని నేర్చుకునేవాడికి మొదటి రోజు చెప్పే పాఠమిది. పళ్ళాయన కూడా ఎంతోమందికి చెప్పాడు. కానీ సరిగ్గా ప్లాస్టరు కలుపుతున్న వేళకి మరదలు ఫోన్ చేసి, నాన్న ఈ వారం మధ్యలో కూడా పాటలు వినడానికి మా ఇంటికొచ్చారని అక్కకి చెప్పింది. ఆ మాట చెవిన పడ్డాక అతనికి సబ్బూ గుర్తులేదు, నీళ్ళూ గుర్తులేవు. ప్లాస్టరు ఉబ్బి పళ్ళెం ఇరుసు చుట్టూ ఉన్న ఇత్తడి గొట్టాన్ని పట్టేసుకుంది.

పళ్ళు అరగదీసే చిన్న డ్రిల్లుతో ఆ గొట్టం చుట్టూ గోరంత గోరంత తవ్వుతూ కూర్చున్నాడు. ఇల్లంతా తెల్లటి పొడి. భార్య తుడుస్తూ, తిడుతూ, మళ్ళీ తుడుస్తూ ఉంది. చివరికి ఇరుసు విడిపడింది. పళ్ళెం తిరిగింది. గొంతులు ఎవరివి వాళ్ళకొచ్చాయి. కానీ పాటలో ఎక్కడో బుస. తను కొన్న చవకరకం సూది బుస అది. ఇంకో సూది తెచ్చాడు, ఇంకో రకం బుస. ఆఖరికి ఒకరోజు భార్య ఇంట్లో లేకుండా చూసి సొరుగు అడుగునున్న డబ్బీ తీసి, తోడల్లుడి సూది బిగించాడు.

బుస పోయింది. అంతే, ఆ తర్వాత అతను ఆ మిషనుని మనసుపెట్టి విన్నది లేదు. బాగా పలికిన ప్రతిసారీ ఇది వాడి సూది గొప్ప అనిపించేది. ఎక్కడైనా తడబడితే వాడిదైతే తడబడదు అనిపించేది. చెవులు తన మిషను దగ్గరే ఉన్నాయి గానీ, మనసెప్పుడూ తోడల్లుడి హాల్లోనే కూర్చుని ఉండేది.

మామగారు ఇల్లు ఖాళీ చేసే ముందు ఆదివారం పోటీ పెట్టారు. పోటీ తోడల్లుడింట్లో, అతని స్పీకర్ల మీదే. పళ్ళాయన తన మిషనుని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆటోలో తీసుకెళ్ళాడు. తేడా మిషన్లదే అవ్వాలి కాబట్టి రెండూ ఒకే ఆంప్లిఫయరుకి తగిలించారు. ఏది ఎవరిదో తెలియకూడదని మరదలు హాలుకి అడ్డంగా తాడు కట్టి దుప్పటి వేలాడదీసింది. అక్కచెల్లెళ్ళిద్దరూ దుప్పటి వెనక నిలబడి రికార్డు మొదట ఒక మిషను మీద, తర్వాత రెండో దాని మీద పెడతారు. వాళ్ళు నోరెత్తకూడదు. ఇవతల సోఫాలో మామగారు, అటు పళ్ళాయన, ఇటు తోడల్లుడు.

మొదటి మిషను మోగింది. బ్యాండు రికార్డే. క్లారినెట్ నున్నగా సాగింది, పియానో వెంట నడిచింది, వెనకాల బ్రష్షులు సన్నగా వినిపించాయి. బాగుంది. పళ్ళాయన ఊపిరి బిగబట్టి విన్నాడు. ఇది తనదే అయ్యుంటుంది, బాగానే ఉంది, పర్వాలేదు అనుకున్నాడు.

రెండోది మోగింది. మోగగానే పళ్ళాయన గుండె జారిపోయింది.

బ్యాండు మొత్తం గదిలోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది. మామగారు క్లారినెట్‌లో ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. ఇక బ్రష్షులైతే, డ్రమ్ము చర్మం మీద గుండ్రంగా తిరుగుతూ, ఆగుతూ, మళ్ళీ తిరుగుతూ, ఆ బక్క మనిషి మణికట్టు కనబడుతోంది. ఇంత పనీ చేసి, ఇంత ప్లాస్టరు మింగి కూడా తను దీని దరిదాపుల్లోకి రాలేదు. వాడిదెంత బాగుంది! ఎంత అన్యాయంగా బాగుంది! పళ్ళాయనకి ఒళ్ళంతా మంటెత్తింది. బతుకులో ఎందరి మీదో ఏడ్చాడు గానీ, ఇంత నిండుగా ఎప్పుడూ ఏడవలేదు.

మామగారు కళ్ళు మూసుకుని ముందుకి వంగారు. మోకాలి మీద వేళ్ళు క్లారినెట్ వాయిస్తున్నాయి. రికార్డు ఆగగానే “ఇదీ! రెండోదీ! చీపురుపుల్ల ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. విన్నారా ఆ బ్రష్షులు?” అన్నారు.

“రెండోదే మామయ్యా, సందేహమే లేదు” అన్నాడు తోడల్లుడు నవ్వుతూ.

ఆ నవ్వు చూసేసరికి పళ్ళాయనలో ఏదో తెగింది. సొంత డబ్బా ఎంత హాయిగా కొట్టుకుంటున్నాడు! “కాదు మామగారూ” అన్నాడు. ఇంత గట్టిగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. “మొదటిదే బాగుంది. రెండోది వట్టి ఆర్భాటం.”

దుప్పటి వెనక భార్య దగ్గింది.

“అదేంటి అల్లుడుగారూ, బ్రష్షులు...”

“బ్రష్షులు కావండీ అవి. సూది అరిగిన చప్పుడు. అరిగిన సూది అలాగే బుసకొడుతుంది. నేను నెలల తరబడి ఆ బుసతోనే కాపురం చేశాను, నాకు తెలుసు. బ్రష్షులు మొదటిదాంట్లో ఉన్నాయి, సన్నగా, ఉండాల్సినట్టు.”

భార్య మళ్ళీ దగ్గింది. ఈసారి దగ్గు చాలాసేపు సాగింది. ఈవిడకి ఇప్పుడే రావాలా జలుబు అని విసుక్కున్నాడు గానీ, అతను ఆగే స్థితిలో లేడు. రెండోదాంట్లో పియానో ముద్దగా ఉందన్నాడు, క్లారినెట్ గొంతుకి జలుబు చేసిందన్నాడు. ఎంత నమ్మకంగా చెప్పాడంటే, చెబుతున్నంతసేపూ అతనికే నిజమనిపించింది.

మామగారి మొహంలో వెలుగు మెల్లగా తగ్గింది. “బుసా అది?” అన్నారు. “నేను బ్రష్షనుకున్నాను.” కాసేపు తన అరిచేతులు చూసుకున్నారు. “సరే. మీరు పనితెలిసిన మనిషి. మొదటిదే అనుకుందాం. దుప్పటి తియ్యండమ్మా.”

మరదలు దుప్పటి లాగింది. మొదటి మిషను తోడల్లుడి చెక్క పెట్టె. రెండోది, ఇంకా మెల్లగా తిరుగుతున్నది, పళ్ళాయన ప్లాస్టిక్ డబ్బా. దాని పక్కన నిలబడి భార్య చేతిలోని రికార్డు అట్టని నలిపేస్తూ మొగుడి వంక చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

పళ్ళాయన ఇంతసేపూ ఒళ్ళు మండిపోయేలా ఏడ్చింది తన మిషను మీదే.

“నా మిషను గొంతు నాకు తెలియదా అన్నయ్యా” అన్నాడు తోడల్లుడు. “మొదటిది పెట్టగానే నాదని తెలిసిపోయింది. అందుకే రెండోది అన్నాను. ఎలా చేశారండీ బాబూ! ఆ ప్లాస్టిక్ దాంట్లోంచి ఇంత పాట ఎలా తీశారు?”

మామగారు లేచి వచ్చి పళ్ళాయన రెండు చేతులూ పట్టుకున్నారు. “అల్లుడుగారూ, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను గానీ మీరింత న్యాయమైన మనిషని తెలియదు. సొంత చేత్తో చేసుకున్నదాన్ని కూడా బాగోలేదని చెప్పగలిగారు. ఎవరనగలరండీ అలా?” అన్నారు.

ఇన్నేళ్ళూ ఏ మెప్పు కోసం తలుపు సందుల్లోంచి చూశాడో ఆ మెప్పు నేరుగా, మొహం మీదకే వచ్చింది. తోడల్లుడు చూస్తున్నాడు, మరదలు చూస్తోంది. పళ్ళాయన తల వంచుకుని నిలబడ్డాడు. అందరూ దాన్ని వినయమనుకున్నారు.

“పెట్టె చిన్నోడింట్లోనే ఉంటుంది” అన్నారు మామగారు. “ఉంచుకోవోయ్. మీకు నచ్చినప్పుడు మీరు వినండి.” గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడం మొదలెట్టారు.

“ఆదివారం వస్తారుగా నాన్నా?” అంది మరదలు.

“ఎందుకమ్మా?” అన్నారాయన, బూటు లేసు వంక చూస్తూ. “బ్రష్షుకీ బుసకీ తేడా తెలియని చెవులేసుకుని రావడమెందుకు? చీపురుపుల్ల వచ్చాడని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. అప్పుడు కూడా ఏం విన్నానో ఏమో. పోనీలే, ఎవరికైనా ఒకరోజు పోయేవే.”

లేసు ముడి పడలేదు. భార్య ఈసారి దగ్గకుండా, ఏమీ చెయ్యకుండా మొగుణ్ణే చూస్తూ నిలబడింది.

ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు. న్యాయమైన మనిషన్న పేరు బతికున్నంత కాలం మిగులుతుంది. పళ్ళాయనకి ఆ పేరు మీద ఎంత ఆశ ఉందో అతనికే తెలుసు. మామగారు లేసు వదిలేసి గోడ పట్టుకుని లేచి, గుమ్మం దాటి మొదటి మెట్టు మీద కాలు పెట్టారు.

“మామగారూ, అవి బ్రష్షులే!” అన్నాడు పళ్ళాయన.

ఆయన “ఆఁ?” అని తల తిప్పారు.

“బ్రష్షులే అవి. చీపురుపుల్లగారే. మీరు విన్నదంతా నిజం. నేనూ విన్నాను, ఆయన మణికట్టు తిరగడం కూడా తెలిసింది. మీ చెవులకేమీ కాలేదు.” అక్కడికి ఆపేయొచ్చు గానీ, ఆగితే ఆయన ఓదార్పనుకుంటారని అర్థమైంది. “నేను అబద్ధం చెప్పాను. రెండోది తమ్ముడిదనుకున్నాను. అంత బాగుందని ఓర్వలేకపోయాను. దాన్ని చెడగొట్టాలని నోటికొచ్చిందల్లా అన్నాను. న్యాయం కాదు ఏమీ కాదు, కుళ్ళు. మొదట్నుంచీ ఉన్నదే. సూది కూడా తమ్ముడిచ్చిందే.”

మామగారు అతణ్ణి కింది నుంచి పైదాకా చూశారు. తర్వాత ఆయన మొహం ఎర్రబడింది.

“ఏమోయ్!” అన్నారు, మేడంతా వినబడేలా. “బుద్ధుందా నీకు? సిగ్గుందా? ముసలాణ్ణి చెవిటివాణ్ణి చేసి పంపించేద్దామనుకున్నావా? ఆ రెండు చెవులూ తప్ప నా దగ్గరేముందిరా? ఒరేయ్, చెంప పగలగొడతాను! ఇటు రా ముందు, ఈ లేసు కట్టు!”

పళ్ళాయన వెళ్ళి మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని లేసు కట్టాడు. పైనుంచి తిట్లు పడుతూనే ఉన్నాయి, అన్నీ నువ్వు, నీకు, నీ మొహం. వీపు మీద ఛళ్ళున ఒకటి పడింది కూడా. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా ఆ ముడి అతను కావలసిన దానికంటే ఎక్కువసేపే కట్టాడు.

పెట్టె మాత్రం తోడల్లుడింట్లోనే ఉండిపోయింది. “నీ నోటితో నువ్వే ఇచ్చావు, ఇప్పుడు ఏడిస్తే లాభమేంటి?” అన్నారు మామగారు. తోడల్లుడు వద్దువద్దని ఎంత బతిమాలినా ఆయన వినలేదు. వాడు అలా బతిమాలడం చూసి పళ్ళాయనకి మళ్ళీ కొద్దిగా మండింది.

తర్వాతి ఆదివారం పొద్దున భార్య బట్టలారేస్తోంది. కింద వీధిలోంచి ఒక కేక వినిపించింది. “ఏమోయ్! ఉన్నావా, ఎక్కడికైనా పోయావా?”

పళ్ళాయన చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వెళ్ళాడు. మామగారు చంకలో ఒక్క రికార్డు పెట్టుకుని నిలబడి ఉన్నారు. మిగతావన్నీ చిన్నోడింట్లో వింటానని, ఇది మాత్రం ఆ డబ్బా మీదే వినాలని చెప్పారు. పైకి తీసుకొచ్చి కుర్చీ వేశాడు. రికార్డు పెట్టాడు. సూది ఆనగానే ఇల్లంతా బ్యాండు నిండింది. బ్రష్షులు మొదలవగానే మామగారు కళ్ళు మూసుకుని “వచ్చావట్రా” అన్నారు, ఎంతో చనువుగా, ఎంతో ప్రేమగా. పళ్ళాయనని ఆయన ఎప్పుడూ అలా పలకరించలేదు.

పళ్ళాయనకి ఆ చీపురుపుల్ల మీద కడుపులో సన్నగా మంట మొదలైంది. చచ్చిపోయిన మనిషి మీద ఏడవడమేమిటని తనకే సిగ్గేసింది. రికార్డు అయిపోగానే, ఆయన అడక్కముందే, సూది ఎత్తి మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.